నలుగురు మిత్రులు, ఐరోపా రైళ్లు: ఎక్కడ చిక్కుపడతారు, ఎలా బయటపడతారు

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతవరకు విషయం ఇది. మీలో ఇద్దరు స్టుట్‌గార్ట్‌లో ఎంఎస్ చదువుతున్నారు, మరో ఇద్దరు హైదరాబాద్ నుంచి షెంగెన్ వీసా (ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా) మీద వస్తున్నారు. జూలైలో మ్యూనిక్ నుంచి బయలుదేరి వెనిస్, ఫ్లోరెన్స్, రోమ్, మిలన్, పారిస్ మీదుగా తిరిగి స్టుట్‌గార్ట్ చేరాలనుకుంటున్నారు. నిరుడు ఇదే దారిన వెళ్లిన మీ పరిచయస్తుల్లో ఒకరు ప్లాట్‌ఫాం మీద ఒంటరిగా మిగిలిపోయారు, ఒకరి సంచి పాస్‌పోర్టుతో సహా పోయింది, చివరికి అందరూ కలిసి ఒక రాత్రి స్టేషన్‌లో గడపాల్సి వచ్చింది. ఇదంతా దురదృష్టమా, తప్పించుకోదగిన వ్యవహారమా, ఒకవేళ జరిగితే ఏం చేయాలి అని అడిగారు.

నేను దక్షిణ జర్మనీలో స్థిరపడి చాలా కాలమైంది. వచ్చిపోయే బంధుమిత్రులకు రైలు ప్రయాణాలు కుదర్చడం, దారిలో చిక్కుబడి ఫోన్ చేసినవారికి తోవ చెప్పడం నాకు అలవాటైన పని. రైలు ఆలస్యం కావడం, దొంగ సంచి ఎత్తుకుపోవడం మన చేతుల్లో లేని సంగతులే. అయితే ఒక చిన్న సంఘటన ప్రయాణం మొత్తాన్ని కూల్చేదాకా పోయిందంటే, అందుకు కారణం దాదాపు ఎప్పుడూ అతుకుల దగ్గర దొరుకుతుంది. ఒక టికెట్టుకూ మరో టికెట్టుకూ మధ్య, ఒక స్టేషన్‌కూ మరో స్టేషన్‌కూ మధ్య, ఒక మిత్రుడికీ మరో మిత్రుడికీ మధ్య ఉన్న అతుకు గట్టిగా ఉంటే రెండు గంటల ఆలస్యం రెండు గంటల ఆలస్యంగానే ముగుస్తుంది.

ముందుగా మనుషుల సంగతి చెబుతాను, ఎందుకంటే బృందంగా వెళ్లేవారిని ఎక్కువగా దెబ్బతీసేది ఇదే. మన దగ్గర రైలు కదిలాక కూడా పరుగెత్తి ఎక్కేవారు ఉంటారు, తలుపులు తెరిచే ఉంటాయి, మరీ తప్పనిసరైతే గొలుసు లాగేవారూ ఉంటారు. ఐరోపాలో ఈ వెసులుబాట్లేవీ లేవు. బయలుదేరే సమయానికి కొద్ది క్షణాల ముందే తలుపులు మూసుకుపోతాయి, మూసుకున్నాక బయటి మీటను ఎన్నిసార్లు నొక్కినా తెరుచుకోవు. ఫ్రాన్సులో టీజీవీ అనే అతివేగ రైలు బయలుదేరడానికి 2 నిమిషాల ముందే ఎక్కనివ్వడం ఆపేస్తారు. మిత్రుడు కింద ఉండిపోయాడన్న కారణంతో అత్యవసర బ్రేకు లాగడం శిక్షార్హమైన నేరం. ఈ పరిస్థితిలో 'మీరు సీట్లు చూడండి, నేను నీళ్లు కొనుక్కొని వస్తాను' అన్న మాటే చాలా ఉదంతాలకు ఆరంభం.

విడిపోయినప్పుడు ఏం చేయాలన్నది విడిపోకముందే నిర్ణయించుకోవాలి. నేను అందరికీ చెప్పే పద్ధతి ఒక్కటే: ఎవరూ ఎవరినీ వెతుక్కుంటూ వెనక్కి రాకూడదు, ఇరుపక్షాలూ ముందుగా అనుకున్న గమ్యస్థానంలోనే కలుసుకోవాలి. రైల్లో ఉన్నవారు ఆత్రంగా తర్వాతి స్టేషన్‌లో దిగి వెనక్కి వస్తుంటే, కింద మిగిలినవారు అదే ఆత్రంతో తర్వాతి రైలెక్కి ముందుకు వెళ్తారు. రెండు రైళ్లూ ఎక్కడో ఎదురుపడి ఒకదాన్నొకటి దాటిపోతాయి, సొరంగాల్లో ఫోన్ పనిచేయదు, ఒక గంటలో సర్దుకోవలసిన విషయం సాయంత్రం దాకా సాగుతుంది. మీ దారిలో మ్యూనిక్ నుంచి వెనిస్ వెళ్లే రైలు బ్రెన్నర్ కనుమ మీదుగా కొండల నడుమ సాగుతుంది కనుక ఈ మాట మీకు మరీ వర్తిస్తుంది.

ఈ పద్ధతి పనిచేయాలంటే మిగిలిపోయిన మనిషి దగ్గర తన టికెట్టు, తన పాస్‌పోర్టు, ఖర్చుకు సరిపడా డబ్బు ఉండాలి. సాధారణంగా ఉండవు. నలుగురి టికెట్లూ ఒకరి ఫోన్‌లో ఉంటాయి, పాస్‌పోర్టులన్నీ 'జాగ్రత్తగా ఉంటాయి' అని ఒకే సంచిలో పెడతారు. జర్మనీలో ఆన్‌లైన్‌లో నలుగురికి కలిపి కొంటే సాధారణంగా ఒకే టికెట్టు వస్తుంది, దాని మీద ఒక్కరి పేరే ఉంటుంది, తనిఖీ సమయంలో ఆ వ్యక్తి గుర్తింపు పత్రంతో సహా అక్కడ ఉండాలి. ఆ ఒక్కరూ ప్లాట్‌ఫాం మీద మిగిలిపోతే మిగతా ముగ్గురూ టికెట్టు లేనివారి కింద లెక్క, స్థానిక రైళ్లలో దానికి కనీస జరిమానా 60 యూరోలు. కాబట్టి నలుగురికీ కలిపి కొనకుండా ఇద్దరిద్దరికి విడిగా కొనండి. ప్రతి జంటలోనూ ఒకరు స్టుట్‌గార్ట్‌లో ఉండేవారు, ఒకరు హైదరాబాద్ నుంచి వచ్చినవారు ఉండేలా చూసుకోండి. ఒక జంట ఏ కారణంగా వేరుపడినా అందులో స్థానిక సిమ్ కార్డు, కొద్దిపాటి జర్మన్ భాష, అక్కడి బ్యాంకు ఖాతా ఉన్న మనిషి ఒకరుంటారు. ప్రతి టికెట్టు పీడీఎఫ్‌నూ నలుగురి ఫోన్లలో దాచుకోండి, కాగితం మీద అచ్చు తీసుకుని ఉంచుకుంటే మరీ మంచిది.

ఒకే రైలు ఎక్కి కూడా వేర్వేరు ఊళ్లకు చేరే ప్రమాదం ఉందని కొత్తవారికి తెలియదు. జర్మనీలో కొన్ని రైళ్లు రెండు భాగాలుగా జతపడి నడుస్తాయి, మధ్యలో ఒక స్టేషన్‌లో విడిపోయి చెరో దిక్కుకు పోతాయి. బెర్లిన్ నుంచి పశ్చిమానికి వచ్చే కొన్ని ఐసీఈ (జర్మనీ వేగవంతమైన దూరప్రయాణ) రైళ్లు హమ్ అనే స్టేషన్‌లో ఇలాగే విడిపోతాయి, ఒక సగం వుప్పర్టాల్ మీదుగా కొలోన్‌కు, మరో సగం డ్యూసెల్‌డార్ఫ్ వైపుకు వెళ్తుంది. నాకు తెలిసిన ఒక బృందంలో ఒక యువకుడు ముందు భాగం కిక్కిరిసి ఉందని, ఖాళీ సీటు కోసం ప్లాట్‌ఫాం మీద వెనక్కి నడిచి చివరి పెట్టెలో కూర్చున్నాడు. కొలోన్‌లో మిత్రులు దిగే వేళకు ఇతడు డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉన్నాడు, టికెట్టు మిత్రుల దగ్గర ఉంది, ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. పెద్ద నష్టమేమీ జరగలేదు కానీ, ఆ సాయంత్రం కొలోన్ స్టేషన్‌లో మిగతావారు పడ్డ ఆందోళన నేను ఫోన్‌లో విన్నాను. మీరు పారిస్ నుంచి వచ్చేటప్పుడు కూడా రెండు టీజీవీలు ఒకదాని వెనుక ఒకటి తగిలించి ఉండవచ్చు; వాటి మధ్య లోపలి నుంచి నడిచి వెళ్లే దారి ఉండదు. కనుక మీ టికెట్టు మీద ఉన్న బోగీ సంఖ్య ప్లాట్‌ఫాం మీద ఏ అక్షరం దగ్గర ఆగుతుందో బోర్డులో చూసుకుని అక్కడే నిలబడండి. జర్మనీలో బోగీల వరుస తారుమారుగా వస్తోందన్న ప్రకటన కూడా తరచుగా వినిపిస్తుంది. అలాంటప్పుడు చేతికి దొరికిన తలుపు ఎక్కి లోపల నడవవచ్చు, కానీ ఆ తలుపు మీద రాసి ఉన్న గమ్యస్థానాన్ని చదివిన తర్వాతనే ఎక్కండి.

ఇక టికెట్ల మధ్య అతుకు. ఐరోపా సమాఖ్యలో రైలు ప్రయాణికుల హక్కులకు 2021/782 అనే సంఖ్య గల నియమావళి ఉంది, అది 2023 జూన్ 7 నుంచి అమల్లోకి వచ్చింది. గమ్యస్థానానికి 60 నుంచి 119 నిమిషాలు ఆలస్యంగా చేరితే టికెట్టు ధరలో 25 శాతం, 120 నిమిషాలు లేదా అంతకు మించితే 50 శాతం పరిహారంగా ఇవ్వాలి. నా దృష్టిలో పరిహారం కన్నా విలువైనవి తక్కిన హక్కులు. ఆలస్యం 60 నిమిషాలు దాటుతుందని తెలిసినప్పుడు టికెట్టు డబ్బు వెనక్కి తీసుకోవాలా, వేరే దారిలో వెళ్లాలా, తర్వాత ఎప్పుడైనా వెళ్లాలా అన్నది మీరే ఎంచుకోవచ్చు. వేచి ఉండే సమయాన్ని బట్టి, దొరికే అవకాశాన్ని బట్టి ఆహారం, పానీయాలు ఇవ్వాలి. రాత్రి ఆగవలసి వస్తే, సాధ్యమైన చోట, హోటల్ ఏర్పాటు చేయాలి. బయలుదేరవలసిన సమయం దాటి 100 నిమిషాలు గడిచినా ప్రత్యామ్నాయ మార్గం ఏదీ తెలియజేయకపోతే, మీరే మరో రైలుకో బస్సుకో టికెట్టు కొనుక్కుని, సమంజసమైన ఖర్చును తర్వాత రాబట్టుకోవచ్చు. మీ పరిచయస్తులు స్టేషన్‌లో రాత్రి గడిపారన్నారు కదా. వారిది ఒకే టికెట్టు మీద సాగిన ప్రయాణమైతే, కౌంటర్‌కు వెళ్లి హోటల్ అడిగే హక్కు వారికి ఉండింది.

ఇక్కడే 'ఒకే టికెట్టు' అన్న మాట కీలకం. మ్యూనిక్ నుంచి ఫ్లోరెన్స్‌కు ఒకే సంస్థ దగ్గర ఒకే లావాదేవీలో కొన్న టికెట్టును, వేరుగా అని స్పష్టంగా చెప్పి అమ్మితే తప్ప, మొదటి నుంచి చివరిదాకా ఒకే ప్రయాణ ఒప్పందంగా పరిగణిస్తారు. మొదటి రైలు ఆలస్యమై రెండోది తప్పితే బాధ్యత వారిదే. అదే ప్రయాణాన్ని పది యూరోలు కలిసి వస్తాయని రెండు వెబ్‌సైట్లలో ముక్కలుగా కొంటే, చట్టం దృష్టిలో అవి ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ప్రయాణాలు. మొదటి రైలు 40 నిమిషాలు ఆలస్యమైతే దానికి పరిహారం రాదు, రెండో రైలు టికెట్టు వృథా అవుతుంది, అప్పటికప్పుడు కొనే కొత్త టికెట్టు ధర చాలాసార్లు మొదటి దానికి రెట్టింపు ఉంటుంది. జర్మనీలో 2024లో దూరప్రయాణ రైళ్లలో 62.5 శాతమే సమయానికి నడిచాయి, అదీ 6 నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యంగా లెక్కించకుండా. ఈ అంకె తెలిసి కూడా 12 నిమిషాల వ్యవధితో రెండు విడి టికెట్లు కొనడం తెలివైన పొదుపు కాదు.

విడి టికెట్లు కొనక తప్పని సందర్భాలు కూడా ఉంటాయి, ఎందుకంటే ఇటలీ, ఫ్రాన్సు, జర్మనీ రైళ్లన్నిటినీ ఒకేచోట అమ్మేవారు అరుదు. అలాంటప్పుడు రెండు రైళ్ల మధ్య కనీసం గంటన్నర విడిచిపెట్టండి, ఆ రోజు అదే దారిలో తర్వాత ఇంకో రైలు ఉండేలా చూసుకోండి. అంతర్జాతీయ ప్రయాణాల్లో ముందు రైలు ఆలస్యం వల్ల తర్వాతి రైలు తప్పినవారిని అదే సంస్థ నడిపే తర్వాతి రైలులో అనుమతించే ఒక అంగీకారం పశ్చిమ ఐరోపాలోని చాలా రైల్వే సంస్థల మధ్య ఉంది. అది చట్టబద్ధమైన హక్కు కాదు, మర్యాదగా చేసే సౌకర్యం మాత్రమే. దాన్ని వాడుకోవాలంటే ఆలస్యమైన రైల్లోని టీసీ దగ్గరగానీ, దిగిన స్టేషన్‌లోని కౌంటర్ దగ్గరగానీ ఆలస్యాన్ని ధ్రువీకరించే ముద్ర వేయించుకోవాలి. కొత్త రైలు ఎక్కి కూర్చున్నాక చెప్పుకుంటే వినకపోవచ్చు, ఎక్కడానికి ముందే దాని సిబ్బందితో మాట్లాడాలి. జర్మనీలో చవకగా దొరికే టికెట్లు ఒకే రైలుకు కట్టుబడి ఉంటాయి, అయితే గమ్యస్థానానికి 20 నిమిషాలు లేదా అంతకు మించి ఆలస్యంగా చేరతారని తెలిసినప్పుడు ఆ కట్టుబాటు తొలగిపోతుంది, మరో రైలులో వెళ్లవచ్చు. ఇది తెలియక కొత్త టికెట్టు కొన్నవారిని చాలామందిని చూశాను.

ఇటలీలో చిక్కులు వేరే రకం. మనకు రైలు అంటే పేరు: గోదావరి, చార్మినార్, గౌతమి. అక్కడ రైలుకు గుర్తు దాని సంఖ్య. ఫ్లోరెన్స్ వెళ్లవలసిన రైలు బోర్డు మీద నేపుల్స్ అనో సలెర్నో అనో కనిపిస్తుంది, ఎందుకంటే చివరి స్టేషన్‌నే పెద్ద అక్షరాల్లో వేస్తారు. ప్లాట్‌ఫాం సంఖ్య తరచుగా చివరి పది, పదిహేను నిమిషాల్లోనే తెలుస్తుంది, కాబట్టి సామాను చుట్టూ పరచుకుని దూరంగా కూర్చోవద్దు. అన్నిటికన్నా విచిత్రమైన ఇబ్బంది మిలన్, ఫ్లోరెన్స్, రోమ్ మార్గంలో ఉంది: అక్కడ ఫ్రెచ్చారోస్సా, ఇటాలో అనే రెండు వేర్వేరు సంస్థల వేగవంతమైన రైళ్లు నడుస్తాయి, రెండూ ఎరుపు రంగువే, కొన్నిసార్లు కొద్ది నిమిషాల తేడాతో ఒకే ఊరికి బయలుదేరతాయి. ఒకదాని టికెట్టు మరోదానిలో చెల్లదు. తెలియక ఎక్కితే, మీ చేతిలో పూర్తి ధర పెట్టి కొన్న టికెట్టు ఉన్నా, మీరు టికెట్టు లేని ప్రయాణికులే. ప్రాంతీయ రైళ్లకు కాగితం టికెట్టు కొంటే ఎక్కే ముందు ప్లాట్‌ఫాం దగ్గరి యంత్రంలో ముద్ర వేయించాలి, ఫోన్‌లో కొన్న ప్రాంతీయ టికెట్టుకు చెక్ ఇన్ చేయాలి. ముద్ర లేని టికెట్టుకు జరిమానా వేసే టీసీ 'కొత్తవాళ్లం' అన్న మాటను రోజూ వింటాడు.

స్టేషన్ల పేర్ల దగ్గర కూడా బృందాలు చీలిపోతాయి. వెనిస్‌కు ముందు భూభాగం మీద ఉన్న స్టేషన్ మెస్ట్రే, కాలువల ఊరికి దిగవలసినది వంతెన దాటాక వచ్చే సాంటా లూసియా. హోటల్ మెస్ట్రేలో తీసుకున్నారో ద్వీపంలో తీసుకున్నారో నలుగురికీ తెలిసి ఉండాలి. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ రెండు ఉన్నాయి, ఒకటి మైన్ నది మీద, మరొకటి పోలండ్ సరిహద్దులో ఓడర్ నది మీద. పారిస్‌కు మన సికింద్రాబాద్ వంటి ఒక ప్రధాన కేంద్రం లేదు. మిలన్ నుంచి వచ్చే రైలు గార్ ద లియోన్‌లో ఆగుతుంది, స్టుట్‌గార్ట్ వెళ్లే రైలు గార్ ద లెస్త్ నుంచి బయలుదేరుతుంది, బ్రసెల్స్, లండన్ రైళ్లు గార్ దు నోర్ నుంచి. లియోన్ నుంచి నోర్‌కు ఆర్‌ఈఆర్ డి అనే లోకల్ రైలు మార్గంలో రెండే స్టాపులు, అక్కడి నుంచి లెస్త్‌కు పది నిమిషాల నడక. కానీ పెట్టెలతో నలుగురు మనుషులు మెట్లు, గేట్లు, టికెట్టు యంత్రాలు దాటాలి కనుక గంట సమయం ఉంచుకోండి. మెట్రో టికెట్టును బయటికి వచ్చేదాకా పారవేయవద్దు, మధ్యలో తనిఖీ చేస్తారు.

విడి టికెట్ల బదులు చాలా దేశాల రైళ్లలో చెల్లే పాస్ తీసుకోవాలా అని కూడా అడిగారు. ఐరోపాలో నివాసం ఉన్న మీ ఇద్దరికీ ఇంటర్‌రైల్ వర్తిస్తుంది, హైదరాబాద్ నుంచి వచ్చేవారికి యూరైల్ వర్తిస్తుంది. తారుమారుగా కొంటే తనిఖీలో ఇబ్బంది పడతారు. ఇంటర్‌రైల్ గ్లోబల్ పాస్‌ను నివసించే దేశంలో బయటికి వెళ్లేందుకు ఒక రోజు, తిరిగి వచ్చేందుకు ఒక రోజు మాత్రమే వాడుకోవచ్చు. రెండు పాస్‌లలోనూ టీజీవీకి, ఫ్రెచ్చారోస్సాకు విడిగా రిజర్వేషన్ కొనాలి, ఇటాలో రైళ్లలో పాస్ అసలు చెల్లదు. ప్రతి ప్రయాణాన్నీ రైలు ఎక్కకముందే పాస్ యాప్‌లో నమోదు చేయకపోతే టికెట్టు లేనట్టే. మీ దారి ముందే ఖరారైంది కాబట్టి నా సలహా పాస్ వద్దని. రెండు నెలల ముందు విడి టికెట్లు కొంటే చాలావరకు చవకగా ముగుస్తుంది.

ఇప్పుడు దొంగతనం. మిలన్ సెంట్రాలే, రోమ్ టెర్మిని, పారిస్ గార్ దు నోర్ వంటి పెద్ద స్టేషన్లలో జేబుదొంగలు ఉంటారని అందరికీ తెలుసు, కాబట్టి అక్కడ అందరూ జాగ్రత్తగానే ఉంటారు. సంచులు ఎక్కువగా పోయేది రైల్లో కూర్చుని ఊపిరి పీల్చుకున్నాకే. ఒకరు కిటికీ మీద తట్టి ఏదో అడుగుతారు, లేదా నాణేలు కింద పడేసి వెతుకుతారు, అటు చూసేలోపు మరొకరు పై అరలోని సంచి తీసుకుని తలుపులు మూసుకునే క్షణంలో దిగిపోతారు. తలుపు పక్కనున్న సామాను అరలో పెట్టిన పెద్ద పెట్టెలను ప్రతి స్టేషన్‌లో రైలు ఆగగానే మీలో ఒకరు చూస్తూ ఉండాలి. పాస్‌పోర్టు, నివాస అనుమతి కార్డు, డబ్బు ఏ పరిస్థితిలోనూ పై అరలోకి వెళ్లకూడదు, ఒంటి మీదే ఉండాలి. స్టుట్‌గార్ట్‌లో ఉండే మీ ఇద్దరూ పాస్‌పోర్టును ఒకచోట, నివాస అనుమతి కార్డును మరోచోట పెట్టుకోండి. రెండూ ఒకేసారి పోవడం అన్నిటికన్నా పెద్ద చిక్కు.

పోయిందని తెలిసిన వెంటనే చేయవలసిన పనుల్లో క్రమం ముఖ్యం. మొదట కార్డులను ఆపించాలి, తర్వాత పోలీసు ఫిర్యాదు, ఆ తర్వాత రాయబార కార్యాలయం. ఇటలీ స్టేషన్లలో రైల్వే పోలీసులను పోల్ఫెర్ అంటారు, జర్మనీ స్టేషన్లలో ఫెడరల్ పోలీసులుంటారు, అత్యవసరానికి అన్ని చోట్లా 112. ఫిర్యాదు ప్రతి చేతికి వచ్చేదాకా అక్కడి నుంచి కదలవద్దు. అది లేకుండా బీమా సంస్థ పైసా ఇవ్వదు, కొత్త పాస్‌పోర్టుకు కూడా అదే ఆధారం. ఎన్ని గంటల్లోపు ఫిర్యాదు చేయాలన్న గడువు బీమా పాలసీలో రాసి ఉంటుంది, బయలుదేరే ముందే చదివి పెట్టుకోండి.

పాస్‌పోర్టు పోగొట్టుకున్నవారు ఎవరన్నదాన్ని బట్టి తర్వాతి దారి మారుతుంది. హైదరాబాద్ నుంచి వచ్చినవారైతే, ఉన్న దేశంలోని భారత రాయబార కార్యాలయంలో ఎమర్జెన్సీ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. అది భారతదేశానికి తిరిగి వెళ్లేందుకు మాత్రమే పనికివచ్చే పత్రం, దానితో విహారయాత్ర కొనసాగించలేరు. మిగతా ప్రయాణం అక్కడితో ముగిసిందనే అనుకోవాలి. ఇటలీలో రోమ్‌లో రాయబార కార్యాలయం, మిలన్‌లో కాన్సులేట్ ఉన్నాయి, ఫ్రాన్సులో పారిస్‌లో రాయబార కార్యాలయం ఉంది. శని, ఆదివారాల్లో సాధారణ సేవలు ఉండవు కనుక శుక్రవారం సాయంత్రం పోతే సోమవారం దాకా బస చూసుకోవలసి రావచ్చు. జర్మనీలో చదువుతున్నవారికి మాత్రం ఈ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ సరైన మందు కాదు, అది మిమ్మల్ని ఇండియాకు చేర్చి అక్కడే వదిలేస్తుంది. మీకు కావలసింది కొత్త పాస్‌పోర్టు. స్టుట్‌గార్ట్ ఉన్న బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్ర వాసులకు ఆ పని మ్యూనిక్‌లోని భారత కాన్సులేట్‌ది. ఇటలీ నుంచి జర్మనీకి ఎలా తిరిగి రావాలో మాత్రం స్థానిక కాన్సులేట్‌ను అడిగాకే రైలెక్కండి, ఎందుకంటే షెంగెన్ లోపలి సరిహద్దుల్లో కూడా తనిఖీలున్నాయి. జర్మనీ 2024 సెప్టెంబరు నుంచి తన భూసరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీలు తిరిగి మొదలుపెట్టింది. పాస్‌పోర్టు మొదటి, చివరి పుటలు, వీసా ఉన్న పుట, నివాస అనుమతి కార్డు రెండు వైపులా ఫొటో తీసి నలుగురి ఈమెయిళ్లలో ఉంచితే కాన్సులేట్‌లో మీ గుర్తింపు నిర్ధారణ చాలా సులువవుతుంది. నివాస అనుమతి రెన్యువల్‌లో ఉండి చేతిలో తాత్కాలిక పత్రం మాత్రమే ఉన్నవారు, ఆ పత్రంతో దేశం దాటి తిరిగి రావచ్చునా అన్నది విదేశీయుల కార్యాలయంలో అడిగి తెలుసుకున్నాకే ఈ యాత్రకు డబ్బు కట్టాలి.

హైదరాబాద్ మిత్రులకు ఇంకొక మాట. భారతీయ కార్డులు దేశంలో వాడకానికే తెరిచి ఉంటాయి, విదేశీ లావాదేవీలను బ్యాంకు యాప్‌లో ప్రత్యేకంగా అనుమతించుకోవాలి. కొత్త టికెట్టు కొనేటప్పుడు ఓటీపీ హైదరాబాద్ సిమ్‌కే వస్తుంది. ఆ సిమ్‌కు రోమింగ్ లేకపోయినా, ఆ ఫోనే పోయినా, డబ్బుండి కూడా ఖర్చుపెట్టలేని స్థితి. వేర్వేరు చోట్ల దాచిన రెండు కార్డులు, ఒక్కొక్కరి దగ్గర వంద యూరోల నగదు ఉండాలని నేను పట్టుబడతాను. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో కరెంటు పోయి రైళ్లు దారిలోనే నిలిచిపోయినప్పుడు కార్డు యంత్రాలు కూడా ఆగిపోయాయి. ఆ రోజు నగదు ఉన్నవారికే నీళ్ల సీసా దొరికింది.

అలాంటి పెద్ద ఉపద్రవాల్లో హక్కులు ఎంతవరకు అన్నది తెలుసుకోవాలి. 2024 జూలై 26న, పారిస్ ఒలింపిక్స్ ఆరంభం నాడు, కొందరు టీజీవీ మార్గాల దగ్గర నిప్పు పెట్టడంతో ఫ్రాన్సులో లక్షలాది మంది ప్రయాణాలు తారుమారయ్యాయి. ఇటువంటి విధ్వంసం, తీవ్రమైన వాతావరణం వంటి కారణాలకు 25, 50 శాతం నగదు పరిహారం ఇవ్వనక్కరలేదని నియమావళి చెబుతుంది. అయినా వేరే మార్గం చూపడం, డబ్బు వాపసు, భోజనం వంటి బాధ్యతలు మాత్రం పోవు. అసాధారణ పరిస్థితుల్లో హోటల్‌ను మూడు రాత్రులకు పరిమితం చేయవచ్చు, అంతే. రైల్వే సంస్థ సొంత సిబ్బంది సమ్మె ఈ మినహాయింపు కిందికి రాదు. ఇటలీలో సమ్మెలు తరచుగా ముందే ప్రకటిస్తారు, పనిదినాల్లో ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య ప్రాంతీయ రైళ్లు తప్పక నడుస్తాయి. ప్రయాణానికి వారం ముందు ఒకసారి సమ్మెల జాబితా చూసుకుంటే చాలు.

మీ పట్టికలో నేను మార్చేవి రెండు. మిలన్ నుంచి పారిస్ చేరిన రోజే రాత్రికి స్టుట్‌గార్ట్ రైలు పట్టుకోవాలనుకున్నారు, దాన్ని మర్నాటికి జరపండి. మిలన్ నుంచి పారిస్ వచ్చే ఆ ఆల్ప్స్ మార్గం 2023 ఆగస్టులో కొండచరియలు పడి మూతబడి, 2025 మార్చి చివరికిగానీ తిరిగి తెరుచుకోలేదు. అలాంటి మార్గం వెనుక తప్పకూడని రైలు పెట్టుకోకూడదు. రెండోది, హైదరాబాద్ విమానం ఉన్న రోజు ఉదయం స్టుట్‌గార్ట్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు రైలులో వెళ్లాలన్న ఆలోచన. విమానం టికెట్టు విడిగా కొన్నారు కనుక రైలు ఆలస్యమై విమానం తప్పితే విమాన సంస్థకు బాధ్యత లేదు. ముందు రోజు సాయంత్రమే ఫ్రాంక్‌ఫర్ట్ చేరండి, లేదా విమానానికి కనీసం ఆరు గంటల ముందు విమానాశ్రయ స్టేషన్‌లో దిగే రైలు చూసుకోండి.

ఆలస్యమైన ప్రతి రైలుకూ టికెట్టు, అసలు చేరిన సమయం చూపే స్క్రీన్‌షాట్, సొంతంగా పెట్టిన ఖర్చుల రసీదులు దాచండి. పరిహారం కోరుతూ దరఖాస్తు చేయడానికి మూడు నెలల గడువు ఉంది. దరఖాస్తులో బ్యాంకు ఖాతా అడుగుతారు, వోచర్ బదులు డబ్బే కావాలని కోరే హక్కు ఉంది. స్టుట్‌గార్ట్‌లో ఖాతా ఉన్నవారి పేరున టికెట్లు కొని, పరిహారం దరఖాస్తులు కూడా వారే చేస్తే, హైదరాబాద్ మిత్రుల వాటా కూడా తక్కువ తిప్పలతో చేతికొస్తుంది.